గంట మోగిన తర్వాత

(ఉద్దానం తీరం: చరిత్ర ధారావాహిక. గత సంచిక తరువాయి)

పోయిన సంచికలో శాలిహుండం కొండ మీద ఆగాం. వంశధార ఒడ్డున, కళింగపట్నం సముద్రానికి కాస్త ఎగువన ఉన్న ఆ కొండని 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించారనీ, తర్వాత తవ్వకాల్లో స్తూపాలూ ధాతుపేటికలూ ఇటుక కట్టడాలూ బయటపడ్డాయనీ చెప్పుకున్నాం. క్రీ.పూ. 2వ శతాబ్దం మొదలు క్రీ.శ. 12వ శతాబ్దం దాకా ఆ కొండ మీద మనుషులు మసిలారు. పలాస, టెక్కలి, సోంపేట వైపు నుంచి చదువుతున్నవాళ్లలో చాలామంది ఆ మెట్లు ఎక్కే ఉంటారు. ఇటుకలు చూసి ఉంటారు. ఆ ఇటుకల మధ్య కూర్చున్న మనిషి తన లోపల ఏం చేసుకున్నాడన్నది మాత్రం పారకి దొరికే సంగతి కాదు. దానికి సాక్షి కావాలి. ఈసారి సాక్షి మన దేశపు మనిషి కాదు, ఈ దేశం మొహం చూసినవాడూ కాదు. ఇప్పటి లెబనాన్‌లో ఉన్న టైర్ అనే రేవు పట్నంలో పుట్టి, రోములో చదువుకుని, గ్రీకులో రాసిన ప్లేటో సంప్రదాయపు పండితుడు. పేరు పోర్ఫిరీ. క్రీ.శ. 3వ శతాబ్దం వాడు.

పోర్ఫిరీకి ఫిర్ముస్ కాస్ట్రికియస్ అని ఒక మిత్రుడు ఉండేవాడు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర మాంసం మానేసినవాళ్లే. ఆ మిత్రుడు మళ్లీ మాంసం మొదలుపెట్టాడని తెలిసి, మనసు కష్టపెట్టుకుని, అతణ్ణి ఉద్దేశించి పోర్ఫిరీ నాలుగు భాగాల పుస్తకం రాశాడు. జంతువులని చంపి తినకూడదన్నది దాని విషయం. నాలుగో భాగంలో ఏయే దేశాల్లో ఎవరెవరు నియమంగా బతుకుతున్నారో చెబుతూ హిందూదేశం దగ్గరికి వస్తాడు. ఆ వివరాలు అతని సొంతం కావు. ఎడెస్సా పట్నంలో ఉండే సిరియా పండితుడు బర్దైసాన్, రోము చక్రవర్తి దగ్గరికి వెళుతున్న భారతీయ రాయబారులని కలిసి అడిగి తెలుసుకున్నవి. ఆ చక్రవర్తి ఎలగాబలస్. ఏలింది 218 నుంచి 222 దాకా. అంటే శాలిహుండం కొండ మీద విహారాలు నిండుగా ఉన్న కాలం.

ఆ రాయబారులు చెప్పింది ఇదీ. హిందూదేశంలో దైవజ్ఞులు రెండు రకాలు. బ్రాహ్మణులు పుట్టుకతో అవుతారు. శ్రమణులు ఎవరైనా కావచ్చు. శ్రమణుడు కాదలచినవాడు ఊరి అధికారుల ముందుకు వెళ్లి, తన ఊరినీ ఆస్తినీ వదులుకుంటున్నానని చెబుతాడు. ఒంటి మీది వెంట్రుకలు తీయించుకుని, వస్త్రం పుచ్చుకుని, పెళ్లాంబిడ్డల వైపు మళ్లి చూడకుండా వెళ్లిపోతాడు. పిల్లల పోషణ రాజు చూసుకుంటాడు, భార్యని బంధువులు చూసుకుంటారు. శ్రమణులు ఊరి బయట ఉంటారు. వాళ్ల ఇళ్లూ ఆలయాలూ రాజు కట్టించినవే. అక్కడి నిర్వాహకులకి భోజనాల ఖర్చు రాజు దగ్గర్నుంచి వస్తుంది.

ఆ తర్వాత వచ్చే నాలుగు వాక్యాల కోసమే ఈ సంచికలో పోర్ఫిరీని పిలిచాను. విహారంలో గంట మోగుతుంది. లోపల ఉన్న బయటివాళ్లంతా లేచి వెళ్లిపోతారు. శ్రమణులు లోపలికి వచ్చి ప్రార్థన చేసుకుంటారు. మళ్లీ గంట మోగుతుంది. పరిచారకులు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర అందిస్తారు. ఒక పాత్రలో ఇద్దరు తినరు. పాత్రలో ఉండేది అన్నం. మరేదైనా కావాలన్నవారికి కూరో పండో వేస్తారు. తిని, ఎవరి పనికి వాళ్లు పోతారు.

ఆ వర్ణన చదువుతుంటే శాలిహుండం కళ్లకి కడుతుంది. కొండ దిగువన పొలాలు, కొండ మీద వరసగా గదులు, వంశధార నీళ్లతో పండిన బియ్యం. రాయబారులు ఏ విహారాన్ని తలచుకుని చెప్పారో గానీ, పద్ధతి మాత్రం అన్ని విహారాలకీ ఒకటే. బ్రాహ్మణుల గురించి అదే చోట రాసినదీ మన చెవికి కొత్తగా ఉండదు. కొందరు కొండల మీద ఉంటారు, కొందరు గంగ ఒడ్డున. కొండ మీదివాళ్లు పళ్లూ ఆవుపాలూ పుచ్చుకుంటారు. ఎవరి పర్ణశాల వారిది. రాత్రింబవళ్లు స్తోత్రాల్లోనూ ప్రార్థనలోనూ గడుపుతారు. మాటలంటే ఇష్టపడరు. ఎప్పుడైనా మాట్లాడవలసి వస్తే, ఆ తర్వాత ఏకాంతానికి వెళ్లిపోయి చాలా రోజులు మౌనంగా ఉంటారు. సోంపేట నుంచి పడమటికి చూస్తే కనిపించే మహేంద్రగిరి మీద ఇలాంటివాళ్లు ఎందరు బతికారో లెక్క లేదు. తర్వాతి కాలంలో కళింగ గాంగరాజులు తమ తామ్రశాసనాల్లో ఆ శిఖరం మీది గోకర్ణస్వామినే తలచుకున్నారు.

పోర్ఫిరీకి గంట అందింది. పాత్ర అందింది. పాత్రలో అన్నం కూడా అందింది. రెండు గంటల నడుమ ఏం జరిగిందన్నది ఒక్క మాటలో తేలిపోయింది: ప్రార్థన. ఆ ఒక్క మాట వెనక ఉన్నది మొత్తం అతనికి అందలేదు.

బౌద్ధ భిక్షువులకి ధ్యానంలో అన్నిటికన్నా దగ్గరి దారి ఊపిరి. ఆనాపానసతి అని పాళీలో పేరు. పద్ధతి చెప్పడానికి చాలా చిన్నది. అడవిలోకో, చెట్టు కిందకో, ఖాళీ గదిలోకో వెళ్లాలి. కాళ్లు మడిచి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. లోపలికి పోయే గాలిని ఎరుకతో పోనివ్వాలి, బయటికి వచ్చే గాలిని ఎరుకతో రానివ్వాలి. దీర్ఘంగా వస్తే దీర్ఘంగా వచ్చిందని తెలియాలి, పొట్టిగా వస్తే పొట్టిగా వచ్చిందని తెలియాలి. దాన్ని మార్చే పని పెట్టుకోకూడదు. ఇక్కడినుంచి బుద్ధుడు పదహారు మెట్లు చెప్పాడని సుత్తం. మొదటి నాలుగు ఒంటికి సంబంధించినవి, తర్వాతి నాలుగు సుఖదుఃఖాల అనుభవానికి, ఆ పై నాలుగు చిత్తానికి, చివరి నాలుగు అనిత్యాన్ని చూడడానికీ విడిచిపెట్టడానికీ. మనసు నిలవని కొత్తవాళ్లకి ఊపిర్లు లెక్కపెట్టుకోమన్నారు. ఒకటి నుంచి పది, మళ్లీ ఒకటి.

ఈ విద్య ఇల్లు దాటి ఎటు వెళ్లిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. క్రీ.శ. 148లో పార్థియా నుంచి అన్ షిగావ్ అనే భిక్షువు చైనా రాజధాని లోయాంగ్ చేరాడు. అతను చైనా భాషలోకి తెచ్చిన మొదటి గ్రంథాల్లో ఊపిరి ధ్యానం గురించిన పుస్తకం ఒకటి. అంటే పోర్ఫిరీ పుట్టడానికి చాలా ముందే ఆనాపానం కొండలూ ఎడారులూ దాటి తూర్పు చివరికి వెళ్లింది. పడమటికి మాత్రం దాని వాసన కూడా సోకినట్టు లేదు. అటు సరుకులు వెళ్లాయి, రాయబారులు వెళ్లారు, కబుర్లు వెళ్లాయి. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు బుద్ధుడి పేరు కూడా రాశాడు. తూర్పుకి భిక్షువే నడిచి వెళ్లాడు, పక్కన కూర్చుని నేర్పాడు. నా దృష్టిలో తేడా అక్కడే ఉంది. ఓడలో ఎక్కించి పంపే సరుకు కాదది.

పడమటి నుంచి ఒక మనిషి ఇటు రావాలని బయల్దేరాడు. పోర్ఫిరీ గురువే ఆయన. ప్లోటినస్.

ప్లోటినస్ 204, 205 ప్రాంతంలో ఈజిప్టులో పుట్టాడు. ఇరవై ఏడు దాటాక తత్వం మీద మనసు పుట్టింది. అలెగ్జాండ్రియాలో పేరున్న పండితుల దగ్గరికల్లా వెళ్లి, ఎవరి మాటా రుచించక దిగులుపడి తిరిగి వస్తుంటే, ఒక స్నేహితుడు అమ్మోనియస్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్క ప్రసంగం విని, తాను వెతుకుతున్నది ఈయన కోసమేనని అన్నాడట. పదకొండేళ్లు ఆయనని వదల్లేదు. అమ్మోనియస్ ఏమీ రాయలేదు. ఆయన శిక్షణలో ఉండగానే ప్లోటినస్‌కి పర్షియా వాళ్ల విద్యనీ, భారతీయుల విద్యనీ స్వయంగా తెలుసుకోవాలన్న కోరిక బలపడింది. 243లో గోర్డియన్ చక్రవర్తి పర్షియా మీదికి దండెత్తినప్పుడు, ముప్ఫై తొమ్మిదో ఏట ఆ సైన్యంతో కలిసి బయల్దేరాడు. 244లో మెసొపొటేమియాలో గోర్డియన్ చనిపోయాడు. ప్లోటినస్ ప్రాణాలతో అంతియొక్ చేరడమే కష్టమైంది. అక్కడినుంచి రోము వెళ్లి, దాదాపు మిగతా జీవితమంతా అక్కడే పాఠం చెప్పాడు.

ఆయన బయల్దేరిన అలెగ్జాండ్రియాకి మన తీరం తెలియనిదేం కాదు. అంతకు ఒక శతాబ్దం ముందు అదే నగరంలో కూర్చుని టాలెమీ తన భూగోళ గ్రంథం రాశాడు. అందులో ఈ తూర్పు తీరాన పలూరా అనే చోటుంది. సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రానికి తిరిగే స్థలం ఆ చుట్టుపక్కలేనని అతని లెక్క. ఫ్రెంచి పండితుడు సిల్వెయిన్ లెవీ 1925లో ఈ పలూరానే కళింగుల దంతపురమని వాదించాడు. ఆ దంతపురాన్ని కొందరు మన జిల్లాలోని దంతవక్త్రుని కోట దగ్గర చూపిస్తారు, కొందరు గంజాం వైపు జరుపుతారు. ఆ తగువు వచ్చే సంచికల్లో విడిగా చూద్దాం. అలెగ్జాండ్రియా నావికుల నోట కళింగ రేవుల పేర్లు ఆడేవన్నది మాత్రం నిశ్చయం. ఓడ ఎక్కితే ప్లోటినస్ వచ్చి ఉండేవాడేమో. సైన్యంతో భూమార్గం పట్టాడు.

ఇక్కడికి రాలేకపోయిన ఆ మనిషి రోములో ఏం చేసేవాడో పోర్ఫిరీ దగ్గరుండి చూశాడు. 263లో శిష్యుడై, ఆరేళ్లు ఉన్నాడు. గురువు పోయాక ఆయన రాసిన యాభై నాలుగు వ్యాసాలని తొమ్మిదేసి చొప్పున ఆరు కట్టలుగా కూర్చి, ముందు ఆయన జీవితం రాశాడు. ఆ జీవితకథ నిండా చిన్నచిన్న సంగతులే. ప్లోటినస్ తిండి తక్కువ, నిద్ర తక్కువ. రొట్టె కూడా ముట్టని రోజులుండేవి. తన చిత్రం గీయనివ్వలేదు. ఈ ఒళ్లే ఒక నీడ, నీడకి మళ్లీ నీడ ఎందుకన్నది ఆయన అభిప్రాయం. చివరికి అమేలియస్ అనే శిష్యుడు ఒక చిత్రకారుణ్ణి రోజూ పాఠానికి తెచ్చి కూర్చోబెట్టి, చూసిన గుర్తుతో గీయించాడు. అంతటి విరాగి ఇల్లు అనాథ పిల్లలతో నిండి ఉండేది. చనిపోబోయే పెద్దలు తమ పిల్లలని, ఆస్తిపాస్తులతో సహా, ఈయన చేతిలో పెట్టి పోయేవారు. ఆ పిల్లల పద్దులు తనే కూర్చుని వినేవాడు. వాళ్లు తత్వం వైపు వచ్చేదాకా వాళ్ల డబ్బు వాళ్లకి భద్రంగా ఉండాలనేవాడు. పద్దులు వింటున్నా, ఎదుటివాడితో మాట్లాడుతున్నా, లోపలి ధ్యాస తెగేది కాదట. మనిషి వెళ్లిపోగానే ఆగిన చోటినుంచి రాయడం సాగించేవాడు. మన గృహస్థ యోగుల కథలు వింటూ పెరిగినవాళ్లకి ఈయన పరాయివాడిలా అనిపించడు.

ఆయన వ్యాసాల్లో ఒకచోట శిష్యులతో చేయించే ధ్యానం ఉంది. తత్వశాస్త్రం పుస్తకమనుకుని తెరిచినవాడు ఉలిక్కిపడే చోటది. ఈ ప్రపంచాన్నంతా మనసులో ఒకచోట చేర్చుకోమంటాడు. ప్రతిదీ దేనికదిగా ఉండాలి, ఏదీ ఇంకొకదానిలో కలిసిపోకూడదు. పారదర్శకమైన గోళంలో పెట్టినట్టు సూర్యుడూ చుక్కలూ నేలా సముద్రమూ జీవులూ అన్నీ ఒక్కసారే కనబడాలి. ఆ బొమ్మని గట్టిగా నిలుపుకోమంటాడు. నిలిచాక అసలు పని మొదలు. దానిలోని బరువు తీసేయి. చోటు తీసేయి. నీ మనసులో మిగిలిన పదార్థపు ఊహ కూడా తీసేయి. ఇంతకన్నా చిన్న గోళాన్ని ఊహించి తీసేశాననుకోకు. అలా తీసేసి, ఈ గోళాన్ని చేసిన దేవుణ్ణి రమ్మని ప్రార్థించు. ఆయన తన లోకంతో, తనలోని దేవతలందరితో వస్తాడు.

ప్రార్థన ఎక్కడ వచ్చిందో చూడండి. కట్టిన బొమ్మని కూల్చిన తర్వాత వచ్చింది. ఇంకొకచోట, ఏకం నుంచి అనేకం ఎలా వచ్చిందన్న కష్టమైన ప్రశ్న విప్పబోతూ ప్లోటినస్ ఆగి, ముందు దేవుణ్ణి పిలుద్దాం అంటాడు. నోటి మాటతో వద్దంటాడు. ఆత్మనే ఆయన వైపు చాచి, ఒంటరివైన నువ్వు ఒంటరివాడైన ఆయనని వేడుకోవాలి. మరొకచోట, పరతత్వం వెంట పరుగెత్తకు, కదలకుండా ఎదురుచూడు అంటాడు. కన్ను పొద్దుపొడుపు కోసం దిగంతం వైపు ఎదురుచూస్తుందే, అలా. సూర్యుణ్ణి కన్ను తేలేదు, తన పని సిద్ధంగా ఉండడమే. బారువ ఇసుక మీద తెల్లవారుజామున తూర్పుకి తిరిగి నిలబడినవాళ్లెవరికీ ఆ పోలికకి వ్యాఖ్యానం అక్కర్లేదు.

తాను దగ్గరున్న ఆ రోజుల్లో గురువు ఆ ఏకత్వాన్ని నాలుగుసార్లు అందుకున్నాడని పోర్ఫిరీ రాశాడు. తనకి ఒక్కసారే, అదీ అరవై ఎనిమిదో ఏట. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

మరి ఊపిరి? ప్లోటినస్ పుస్తకం ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికినా ఊపిరిని పట్టుకుని కూర్చోమన్న మాట ఉండదు. దానికి కారణం ఉంది. ఆయన ఎదుట స్టోయిక్ సంప్రదాయం వాళ్లు నిలబడి ఉన్నారు. ఆత్మ అంటే ఒక స్థితిలో ఉన్న ప్రాణవాయువేనని వాళ్ల వాదం. ఆత్మ అమరత్వం గురించి రాసిన వ్యాసంలో ప్లోటినస్ దాన్ని గట్టిగా ఖండించాడు. గాలి పదార్థం, చెదిరిపోతుంది. చెదిరిపోయేది నేనెలా అవుతాను? అలా వాదించినవాడు గాలినే తలుపుగా చేసుకుని లోపలికి వెళతాడని ఎలా అనుకోగలం? బౌద్ధుడికి ఈ చిక్కు లేదు. అతని వెతుకులాట నిత్యమైన ఆత్మ కోసం కాదు. చెదిరిపోయే గాలి, చెదిరిపోతుంది కాబట్టే, అతనికి మంచి గురువు. అనిత్యం అక్కడే ముక్కు కింద కనిపిస్తోంది.

ఇంతకన్నా లోతైన తేడా ఒకటుంది. శ్రమణుడు ప్రతి ఊపిరినీ తెలుసుకుంటూ ఉండాలి. ప్లోటినస్ మరోలా అంటాడు. పుస్తకంలో మునిగి చదువుతున్నవాడికి తాను చదువుతున్నానన్న స్పృహ ఉండదు, ముఖ్యంగా లీనమై చదివేటప్పుడు. ధైర్యంగా పని చేస్తున్నవాడికి నేను ధైర్యంగా ఉన్నానన్న తలపు ఉండదు. తనని తాను గమనించుకోవడం మొదలుపెడితే ఆ పని పలచబడుతుంది. ఇద్దరూ నిశ్చలత్వం కోసమే కూర్చున్నారు. ఒకరు ఎరుకని దీపంలా వెలిగించి ఉంచారు, ఇంకొకరు దాన్ని కూడా మరిచిపొమ్మన్నారు. రెండూ ఒకటేనని సర్దిచెప్పడం ఇద్దరికీ అన్యాయమే.

ప్లోటినస్ బడి బయట, ఆయన పుట్టిన ఈజిప్టులోనే, ఊపిరితో సాధన చేసినవాళ్లున్నారు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో 4వ శతాబ్దపు గ్రీకు మంత్రపు పుస్తకం ఒకటి భద్రంగా ఉంది. అందులో ఒక భాగాన్ని జర్మన్ పండితుడు ఆల్బ్రెష్ట్ డీటరిష్ 1903లో విడిగా ప్రకటించాడు. సూర్యకిరణాల నుంచి ఊపిరి పుచ్చుకో, శక్తికొద్దీ మూడుసార్లు లోపలికి లాగు, అప్పుడు తేలికై పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది అని అందులో ఉంది. దేవతలు నీ మీదికి వస్తున్నట్టు కనిపిస్తే పెదాల మీద వేలు పెట్టుకుని ముమ్మారు మౌనాన్నే పిలవమంటుంది. కిరణం, ఊపిరి, మౌనం మూడూ ఒక్కచోట చేరాయి. ప్లోటినస్ ఇటువంటి క్రియల జోలికి పోలేదు. ఒకసారి అమేలియస్ అమావాస్య పూజలకి గుళ్ల చుట్టూ తిరుగుతూ తననీ రమ్మంటే, దేవతలే నా దగ్గరికి రావాలి గాని నేను వాళ్ల దగ్గరికి పోవడమేమిటన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో అడగడానికి శిష్యులకి ధైర్యం చాల్లేదట.

పోర్ఫిరీ ఈ దారిలోనే ఇంకా ముందుకి వెళ్లాడు. గంట గురించి రాసిన ఆ పుస్తకంలోనే, రెండో భాగంలో, నైవేద్యాల ప్రస్తావన వస్తుంది. అందరికన్నా పైనున్న దేవుడికి పొగ వద్దు, మాట వద్దు, రాగద్వేషాలు తగిలిన లోపలి మాట కూడా వద్దు. నిర్మలమైన మౌనమూ నిర్మలమైన తలపులూ చాలు. ఇలా రాసిన చేతే ఎక్కడో హిందూదేశంలో రోజుల తరబడి మౌనం పాటించే బ్రాహ్మణుల సంగతి ఆప్యాయంగా రాసుకుంది. తన ఇంట్లో నేర్చుకున్నదాన్ని దూరదేశంలో ఎవరో బతుకుగా చేసుకున్నారని వింటే ఏ సాధకుడికి ఆనందం కలగదు?

తర్వాతి తరంలో సిరియావాడైన ఇయాంబ్లికస్ పోర్ఫిరీతో విభేదించాడు. తలపు ఒక్కటే చాలదు, క్రియ కావాలన్నాడు. ప్రార్థన ఎంతసేపు సాగితే ఆత్మలో దేవతలకి చోటు అంత పెరుగుతుందన్నాడు. ఆ బాటలో ఏథెన్స్‌లో నిలిచినవాడు ప్రోక్లస్. 412లో పుట్టి 485లో పోయాడు. ప్రార్థన గురించి ఇంత క్రమంగా ఆలోచించిన ప్లేటో వారసుడు మరొకడు లేడు. ఏ పని మొదలుపెట్టినా బుద్ధిమంతులు దేవుణ్ణి తలుస్తారని ప్లేటో తన టిమేయస్ గ్రంథంలో అనిపించిన ఒక్క వాక్యం మీద ప్రోక్లస్ పెద్ద వ్యాఖ్యానమే రాశాడు. ముందు దేవతలని తెలుసుకోవడం, ఆ తెలివితో వాళ్లకి సొంతవాళ్లం కావడం, ఆత్మ కొసతో తాకడం, ఆపైన మరింత చేరువ కావడం, చివరికి కలిసిపోవడం. ఇదీ ఆయన చెప్పిన వరస.

శిష్యుడు మారినస్ రాసిన ప్రోక్లస్ జీవితం చదివితే సిక్కోలు మనిషికి ఇంటిమనిషి కనిపిస్తాడు. పొద్దు పొడిచేటప్పుడు, నడినెత్తికి వచ్చేటప్పుడు, కుంకేటప్పుడు, రోజుకి మూడుసార్లు సూర్యుడికి మొక్కేవాడు. సూర్యుడి మీద స్తోత్రం కట్టాడు. నెలనెలా సముద్రస్నానం తప్పనివ్వలేదు, ఒక్కోనెల రెండు మూడుసార్లు కూడా వెళ్లేవాడు. నెలాఖరున ఉపవాసం ఉండేవాడు. మన దగ్గర సంధ్యావందనం చేసేవారు ప్రాణాయామంతో గాయత్రిని కలిపి మూడు సంధ్యల్లో చేస్తారు. మాఘంలో సముద్రస్నానానికి మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ తీరానికి జనం కదులుతారు. 7వ శతాబ్దంలో గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే అరసవల్లి గుడిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ ఉదయకిరణం స్వామి పాదాలని తాకుతుంది. ప్రోక్లస్ అరసవల్లి పేరు వినలేదు. ఆయన పోయేనాటికి ఆ గుడి లేదు.

ఇన్ని పోలికలు చూశాక మనవాళ్లలో చాలామంది అనే మాట నాకు తెలుసు: ఇదంతా మన దగ్గర్నుంచే పట్టుకుపోయారు. పడమట కూడా ఈ వాదం నడిచింది. ఫ్రెంచి పండితుడు ఎమిల్ బ్రెయియే 1928లో వచ్చిన తన పుస్తకంలో ప్లోటినస్ ఆలోచనలో ఉపనిషత్తుల జాడ ఉందన్నాడు. 1936లో ఇంగ్లండులో ఎ.హెచ్. ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రతివాదం రాశాడు, ఆ ఆలోచనలకి మూలాలన్నీ గ్రీకులోనే దొరుకుతాయన్నాడు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఆ తర్వాత 1939లో వచ్చిన పుస్తకంలో ఈ ప్రశ్నని ఎత్తుకున్నారు. నాకు ఆర్మ్‌స్ట్రాంగ్ మాటే నిలబడుతుందనిపిస్తుంది. దానికి నా ఆధారం ప్లేటో రాసిన ఒక దృశ్యం.

పొటిడేయా ముట్టడి నాటి సంగతది. క్రీ.పూ. 432 ప్రాంతం. సైన్యంలో ఉన్న సోక్రటీస్ ఒక తెల్లవారుజామున ఏదో ఆలోచన పట్టుకుని నిలబడిన చోటే నిలబడిపోయాడు. మధ్యాహ్నమైంది. జనం చూసి ఒకరికొకరు చెప్పుకున్నారు. సాయంత్రం భోజనాలయ్యాక, అయోనియా సైనికులు కొందరు, వేసవి రోజులు కాబట్టి, పరుపులు బయటికి తెచ్చుకుని అక్కడే పడుకున్నారు, రాత్రంతా నిలబడతాడా లేదా చూద్దామని. నిలబడ్డాడు. తెల్లారింది, సూర్యుడు పొడిచాడు. సోక్రటీస్ సూర్యుడికి ప్రార్థన చేసి, తన దారిన వెళ్లిపోయాడు. నిశ్చలత్వమూ ప్రార్థనా పొద్దుపొడుపూ వాళ్ల ఇంట్లోనే, ప్లోటినస్‌కి ఆరున్నర శతాబ్దాల ముందే, ఒకే మనిషిలో ఉన్నాయి. అప్పు తెచ్చుకోవలసిన అవసరం ఏముంది? మన గొప్పదనం నిలబడడానికి వాళ్ల సాధనని మన ఖాతాలో రాయనక్కర్లేదు. శాలిహుండం భిక్షువుకి ఊపిరి ఎంత సొంతమో, రోములోని ప్లోటినస్‌కి ఆ పారదర్శక గోళం అంత సొంతం.

529లో జస్టినియన్ చక్రవర్తి ఏథెన్స్‌లో తత్వబోధని ఆపించాడు. డమాస్కియస్, సింప్లికియస్ మొదలైన చివరి తరం పండితులు పర్షియా రాజు ఖుస్రో ఆస్థానానికి వెళ్లారు, అక్కడ నిలవలేక కొద్దికాలానికే తిరిగి వచ్చేశారు. బడి మళ్లీ తెరుచుకోలేదు. అప్పటికి శాలిహుండంలో గంట ఇంకా మోగుతూనే ఉంది, మరో ఆరు శతాబ్దాల దాకా మోగింది కూడా. అయితే లోపలికి వెళ్లేవాళ్ల ప్రార్థన మారింది. మహాయానం, ఆపైన వజ్రయానం వచ్చి, ఊపిరి పక్కన మంత్రం చేరింది, స్తూపాల పక్కన మూర్తులు చేరాయి. తార వచ్చింది. ఉదయకాంతికి అధిదేవత అయిన మారీచి వచ్చింది. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలైతే మారీచి రథానికి ఏడు వరాహాలు. శాలిహుండంలో దొరికిన ఆ మూర్తుల దగ్గరినుంచి వచ్చే సంచిక మొదలవుతుంది.

(ఇంకా ఉంది)